మరమనిషి హక్కులు ఎవరి కోసం?

(వాడలో కూలీలు, యువజనులు, సంఘం కార్యకర్తలు కూర్చున్న ఒక రాత్రి సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రాత్రి మేము ఎత్తుకున్న సంగతి విని మీలో కొందరు నవ్వుకోవచ్చు. "కూలి రేటు గురించి మాట్లాడండి, శ్మశానం జాగా గురించి మాట్లాడండి, మరమనుషుల ముచ్చట మనకెందుకు?" అనొచ్చు. ఎందుకో చెప్తాం. పోయిన సభ అయిపోయినంక పదో తరగతి పిల్లగాడొకడు మా దగ్గరికొచ్చి సెల్‌ఫోన్ చూపించిండు. "అన్నా, దీన్ని ఏదడిగినా తెలుగులోనే జవాబు చెప్తాంది. తిడితే బాధపడ్డట్టు మాట్లాడుతాంది. ఇది మనిషి లెక్కనా, సామాను లెక్కనా?" అని అడిగిండు. మేము అప్పుడు జవాబు చెప్పలేకపోయాం. ఇంటికి పోయి చదువుకున్నాం, మాలో మేమే వాదులాడుకున్నాం. చదివిన కొద్దీ ఒకటి తెలిసొచ్చింది. ఎవరు మనిషి లెక్క, ఎవరు సామాను లెక్క అనేది ఈ దేశంలో తరతరాలుగా మనల్ని ముందు నిలబెట్టి అడిగిన ప్రశ్న. కాబట్టి దాని మీద మాట్లాడటానికి పెద్ద చదువులోళ్ల అనుమతి మనకు అక్కర్లేదు.

రోబో అంటే వెట్టివాడు

ముందు మాట దగ్గర మొదలుపెడదాం. "రోబో" అనే మాట ఎక్కడ పుట్టింది? ఐరోపాలోని చెక్ దేశంలో కారెల్ చాపెక్ అనే రచయిత 1920లో "ఆర్.యు.ఆర్." అనే నాటకం రాశాడు. ఒక ఫ్యాక్టరీలో మనుషుల్లాంటి పనివాళ్లను తయారుచేసి లోకమంతా అమ్ముతుంటారు. ఆ పనివాళ్లకు ఏం పేరు పెట్టాలో తోచక అన్న యోసెఫ్‌ను అడిగితే ఆయన చెప్పిన మాట "రోబోట్". చెక్ భాషలో "రోబోట" అంటే ఏమిటనుకున్నారు? వెట్టి! భూస్వామి పొలంలో రైతు కూలి లేకుండా ఇన్ని రోజులని చేసి తీరాల్సిన చాకిరీ. ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఆ వెట్టి 1848లో రద్దయింది. డెబ్బై ఏండ్ల తర్వాత కూడా ఆ మాటలోని చేదు పోలేదు కాబట్టే చాపెక్ అన్నకు అది నోట వచ్చింది. నాటకం చివరికి ఆ వెట్టివాళ్లు తిరగబడతారు.

మన పండితులు దాన్ని "మరమనిషి" అని తెలుగు చేశారు. సరైన తెలుగు మాట "వెట్టివాడు". వెట్టి ఎట్లుంటదో మన ముసలోళ్లకు తెలుసు. దొర ఇంటికి చెప్పులు కుట్టిచ్చినా, మోట బొక్కెన కుట్టిచ్చినా, ఊరూరా కబురు మోసినా పైసా రాదు. పిలిస్తే "బాంచెన్" అని ఉరకాలె. ఇప్పుడు కంపెనీలు అమ్మే ఏఐని చూడండి. అలసిపోదు, కూలి అడగదు, సంఘం పెట్టదు, ఎంత తిట్టినా క్షమించమనే అంటది. పెత్తందారు తరతరాలుగా ఎట్లాంటి పనివాడు కావాలనుకున్నాడో అట్లాంటి వాణ్ణే తయారుచేశారు. పైగా చాలా యంత్రాలకు ఆడగొంతు పెట్టారు. ఆడగొంతు అంటే చెప్పిన పని చేసే గొంతు అని పిల్లలకు నేర్పుతున్నారని 2019లో యునెస్కోనే ఒక నివేదికలో తప్పుపట్టింది. యంత్రానికి నొప్పి లేకపోవచ్చు. దాని మీద పెత్తనం అలవాటైన నోరు రేపు పనిమనిషి మీదికి రాదా? ఆలోచించండి.

రెండు వేల ఏండ్ల కింద రోమ్‌లో వర్రో అనే ఆయన సేద్యం మీద పుస్తకం రాశాడు. అందులో పనిముట్లు మూడు రకాలని చెప్పాడు. బండి మూగ పనిముట్టు, ఎద్దు అరిచే పనిముట్టు, బానిస మాట్లాడే పనిముట్టు. ఆనాడు మాట్లాడే మనిషిని పనిముట్టు అన్నారు. ఈనాడు మాట్లాడే పనిముట్టును మనిషి అందామా అని అడుగుతున్నారు. రెండు చోట్లా లెక్క రాసింది యజమానే.

పౌరసత్వం వచ్చిన బొమ్మ

2017 అక్టోబరులో సౌదీ అరేబియా రాజధాని రియాద్‌లో పెద్ద పెట్టుబడిదారుల సభ జరిగింది. అక్కడ సోఫియా అనే రోబోకు ఆ దేశ పౌరసత్వం ఇచ్చినట్టు ప్రకటించారు. హాంకాంగ్‌లోని హాన్సన్ రోబోటిక్స్ కంపెనీ చేసిన ఆడమనిషి ఆకారపు బొమ్మ అది. చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీశారు.

ఇప్పుడు మన సంగతి చూడండి. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి మగవాళ్లు, కడప, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్లు అప్పులు చేసి గల్ఫ్ దేశాలకు పోయారు. 2017 నాటికి సౌదీలో కఫాలా పద్ధతి నడుస్తుండె. యజమాని ఒప్పుకోకుండా కూలివాడు పని మారొద్దు, అతను సంతకం పెట్టకుండా దేశం దాటొద్దు. 2021లో కొన్ని సడలింపులు వచ్చినప్పుడు కూడా ఇండ్లల్లో పనిచేసే ఆడవాళ్లను వాటి బయటే ఉంచారు. ఆ రోబోకు పౌరసత్వం ప్రకటించిన రోజుకు ఆ దేశపు ఆడవాళ్లకే కారు నడిపే హక్కు అమల్లోకి రాలేదు. అది 2018 జూన్‌లో వచ్చింది. ఇరవై ఏండ్లు ఆ దేశానికి ఇండ్లు కట్టిన కూలివాడు విదేశీయుడు, పెట్టెలో పెట్టి విమానంలో తెచ్చిన బొమ్మ పౌరురాలు. అక్కడ గౌరవం దక్కింది బొమ్మకు కాదు, బొమ్మను అమ్మే వ్యాపారానికి.

చట్టంలో వ్యక్తి అనే గుంజ

కొందరు ఇంకో మాటంటారు. "మీరు ఆవేశపడుతున్నారు. చట్టంలో వ్యక్తి అంటే మనిషే కానక్కర్లేదు" అని. నిజమే, అది కూడా తెలుసుకుందాం.

కంపెనీకి రక్తమాంసాలు లేవు. అయినా చట్టం దాన్ని ఒక వ్యక్తిగా చూస్తుంది. కంపెనీ వేరు, దాన్ని పెట్టినవాడు వేరు, కంపెనీ అప్పు అతని అప్పు కాదని బ్రిటన్‌లోని అత్యున్నత న్యాయస్థానం 1897లోనే తేల్చింది. హిందూ దేవతా విగ్రహం కూడా చట్టం దృష్టిలో వ్యక్తే. 1925లో ప్రీవీ కౌన్సిల్ ఆ మాట గట్టిగా చెప్పింది. విగ్రహం పేరు మీద భూములుంటయి, విగ్రహం పేరు మీద దావాలు నడుస్తయి. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునా నదులను వ్యక్తులంది. అదే ఏడు జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఆపింది.

కాబట్టి చట్టంలో "వ్యక్తి" అనేది ఒక గుంజ. ఆస్తినో, అప్పునో, కేసునో కట్టేయడానికి పాతిన గుంజ. గుంజ పాతడం తప్పని మేము అనడం లేదు. ఎవరు పాతారు, దేన్ని కట్టేయడానికి పాతారు అనే అడుగుతున్నాం. 1925లో రాతి విగ్రహం కోర్టులో వ్యక్తిగా నిలబడ్డది. ఆ విగ్రహాల గుళ్ల గడప తొక్కే హక్కు మన తాతలకు లేదు. మద్రాసు రాష్ట్రంలో, అంటే ఆంధ్ర జిల్లాలున్న రాష్ట్రంలో, గుళ్లలోకి పోవడాన్ని హక్కు చేసిన ఆలయ ప్రవేశ చట్టం 1947 దాకా రాలేదు. రాయికి ఇరవై రెండేండ్ల ముందే దొరికిన దారి మనిషికి అప్పుడు గాని తెరవలేదు. తెరిచింది కూడా కాగితం మీద.

ఇప్పుడు రోబోకు గుంజ పాతుదామని బయల్దేరినవాళ్ల లెక్క ఏమిటి? 2017 ఫిబ్రవరి 16న యూరోపియన్ పార్లమెంటు ఒక తీర్మానం చేసింది. తమంత తాము నిర్ణయం తీసుకునే రోబోలకు ముందు ముందు "ఎలక్ట్రానిక్ వ్యక్తి" అనే హోదా ఇచ్చి, అవి చేసిన నష్టానికి వాటినే బాధ్యులను చేసే సంగతి పరిశీలించమంది. 2018 ఏప్రిల్‌లో రోబోలు తయారుచేసేవాళ్లు, లాయర్లు, నీతిశాస్త్రం తెలిసినవాళ్లు కలిపి నూటయాభై మందికి పైగా దాన్ని వ్యతిరేకిస్తూ బహిరంగ లేఖ రాశారు. చివరికి యూరప్ 2024లో తెచ్చిన ఏఐ చట్టంలో ఆ హోదా లేదు. యంత్రం తయారుచేసినవాళ్ల మీద, వాడినవాళ్ల మీద బాధ్యత పెట్టారు.

ఎందుకు వ్యతిరేకించారు? మన భాషలో చెప్తాం. దొర కుక్క కరిస్తే పంచాయితీలో దొరను నిలబెడతాం. "కుక్క వేరు, నేను వేరు. తప్పు కుక్కది, పోయి దాన్నే అడగండి" అని దొర అంటే ఒప్పుకుంటామా? రోబో దగ్గర పైసలుండవు. దాన్ని జైల్లో పెడితే దానికి పోయేదేం లేదు. దాన్ని బాధ్యుణ్ణి చేస్తే తప్పించుకునేది దాని యజమాని.

ఉత్తమాట కాదు, జరిగింది వినండి. 2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఊబర్ కంపెనీ పరీక్షిస్తున్న డ్రైవర్ లేని కారు, సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక ఆడమనిషిని గుద్ది చంపింది. కారులో కంప్యూటర్ ఆమెను గుద్దకముందు ఐదు సెకన్లకు పైగానే గుర్తించింది. అయితే ఏమని గుర్తించింది? ఒకసారి ఏదో వస్తువని, ఒకసారి వాహనమని, ఒకసారి సైకిలని. గీతలు గీసిన చోట కాకుండా వేరే చోట మనుషులు రోడ్డు దాటుతారనే లెక్కే దాని తయారీలో లేదని అక్కడి విచారణ సంస్థ తేల్చింది. గీత బయట ఉంటే మనిషి మనిషి కాదు! ఈ మాట మనకు కొత్తనా? సరే, శిక్ష ఎవరికి పడింది? కంపెనీ మీద క్రిమినల్ కేసు నిలవదని 2019లో ప్రాసిక్యూటర్లు చెప్పేశారు. కారులో కాపలాగా కూర్చున్న ఉద్యోగి మీద కేసు పెట్టారు. ఆమె ఫోన్ చూస్తుండె, తప్పే. 2023లో నేరం ఒప్పుకొని మూడేండ్ల ప్రొబేషన్ తీసుకుంది. పైనున్న ఒక్కరు కూడా కోర్టు బోనెక్కలేదు. యంత్రాన్ని వ్యక్తిని చేయకముందే ఇట్లుంటే, చేసినంక ఎట్లుంటదో చూసుకోండి.

మన ఇంటికొచ్చిన ఏఐ

అమెరికా దాకా ఎందుకు? మన తెలంగాణకే వద్దాం. "సమగ్ర వేదిక" అని ప్రభుత్వం ఒక కంప్యూటర్ ఏర్పాటు పెట్టింది. కరెంటు బిల్లు, బండి రిజిస్ట్రేషన్, ఇంటి పన్ను, ఇట్లా రకరకాల శాఖల దస్త్రాలు కలిపి, పేరును పేరుతో, అడ్రసును అడ్రసుతో జతచేసి, ఎవరు నిజమైన పేద, ఎవరు కాదు అని చెప్పే ఏర్పాటు. రిక్షా తొక్కి బతికిన మనిషికి కారుందని చెప్పి ఆ ఇంటికి బియ్యం ఆపేశారు. అదే తీరు పేరున్న వేరేవాళ్ల కారు అది. 2024లో పత్రికలు ఇది బయటపెట్టాయి. 2014 నుంచి 2019 దాకా రాష్ట్రంలో 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి. అన్నీ యంత్రమే తీసేసిందని మేము అనం, నిజంగా అర్హత లేనివీ ఉండొచ్చు. కానీ ఇల్లు చూడకుండా, మనిషిని అడగకుండా తీసేశారని కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇంటింటికీ పోయి మళ్లీ విచారించమని 2022లో కోర్టు చెప్పాల్సి వచ్చింది. విచారిస్తే అర్హులున్న కార్డులు వేలల్లో బయటపడ్డయి.

ఆఫీసుకు పోతే ఏమన్నారు? "మా చేతిలో ఏం లేదు, సిస్టం తీసేసింది." వెనకటికి పట్వారీ దస్త్రం చూపించి "ఇందులో నీ పేరు లేదు" అనెటోడు. కానీ పట్వారీకి ముఖం ఉండె, అతని ఇంటి ముందు కూర్చుని ధర్నా చేయొచ్చు. సిస్టం ఇంటి ముందు ఎట్లా కూర్చుంటం? మరమనిషికి హోదా ఇవ్వాలా వద్దా అని పై లోకంలో చర్చ నడుస్తుంటే, కింద మన వాడలో దానికి తహశీల్దారు కుర్చీ ముందే ఇచ్చేశారు. హక్కులు ఇవ్వలే గాని అధికారం ఇచ్చారు. బాధ్యత లేని అధికారం కంటే పెద్ద పెత్తనం ఏముంటది?

చెల్లె అడిగిన ప్రశ్న

మేము ఈ సంగతి మాలో మాట్లాడుకుంటుంటే కాలేజీలో చదివే ఒక చెల్లె గట్టిగా నిలదీసింది. "అన్నా, మనల్ని కూడా వీళ్లకు బుద్ధి లేదు, బాధ తెలియదు, వీళ్లు పనికోసమే పుట్టారు అన్నారు. ఇవాళ మీరు యంత్రాన్ని అదే మాటంటున్నారు. రేపు దానికి నిజంగా నొప్పి ఉందని తేలితే మనం దొరల పక్కన నిలబడ్డట్టు కాదా?"

ఆ ప్రశ్నను మేము కొట్టిపారేయలేదు. మీరూ కొట్టిపారేయొద్దు. మా జవాబు చెప్తాం, తప్పుంటే సరిచేయండి.

మనల్ని తొక్కినవాళ్లకు మనం మనుషులమని తెలియక తొక్కలేదు. తెలిసే తొక్కారు. ఊళ్లో చెప్పులేసుకొని నడవొద్దు, గొడుగు పట్టొద్దు, హోటల్లో వేరే గ్లాసు అనే కట్టుబాట్లు ఎవరికి పెట్టారు? బర్రెకు వేరే గ్లాసు పెట్టరు. ఎద్దు తలెత్తి నడిస్తే ఎవరికీ కోపం రాదు. మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు పశువులు తాగినయి. బాబాసాహెబ్ 1927లో జనాన్ని తీసుకపోయి దోసిట్లో తాగితేనే అది మైలపడ్డదన్నారు. సాటి మనిషి సమానమైపోతాడనే భయం ఉన్నచోటే అట్లాంటి కట్టుబాట్లు పుడతయి. అవమానం తగిలేది కూడా మనిషికే. మన నొప్పి ఎవరికీ సందేహం కాదు, అది కావాలనే పెట్టారు.

యంత్రం సంగతి వేరు. మన సెల్‌ఫోన్లో మాట్లాడే ఏఐ, మనుషులు రాసిన కోట్లాది పేజీలను మింగి, ఏ మాట తర్వాత ఏ మాట రావాలో లెక్కగట్టి చెప్తుంది. "నాకు బాధగా ఉంది" అని అది అంటే, ఆ మాట బాధపడ్డ మనుషులు రాసిపెట్టింది. దానికి ఆకలి లేదు, పిల్లలు లేరు, పోయే ప్రాణం లేదు. 2022లో గూగుల్ కంపెనీ ఇంజనీరు ఒకాయన తమ ఏఐకి తెలివి, స్పృహ వచ్చిందని బయటపెడితే, కంపెనీ కాదని చెప్పి ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేసింది. ఈనాటి యంత్రాలకు నొప్పి ఉందనడానికి రుజువు లేదు. ఎన్నటికీ రాదని కూడా ఎవరూ రుజువు చేయలేదు.

రేపు వస్తే? నొప్పి పడే దేన్నైనా దాని పుట్టుక చూసి గడప బయట నిలబెట్టడం మన నీతి కాదు. ఇనుములో పుట్టిందా, కడుపులో పుట్టిందా అని అడిగేవాళ్లం మనం కాకూడదు. చెల్లె మాటలో ఉన్న సత్యం అది, మేము ఒప్పుకుంటున్నాం. దాంతోపాటు ఒక కొలబద్ద కూడా చేతిలో పెట్టుకుందాం. మన రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల క్రయవిక్రయాన్ని, వెట్టిని నేరమంది. కాబట్టి యంత్రం వ్యక్తి అని చెప్పే కంపెనీని ఒకటే అడుగుదాం: "దాన్ని అమ్మడం మానుతావా? దాని పనికి వచ్చిన పైసలు తినడం మానుతావా?" మానితే దాని మాట నమ్ముదాం. ఒక చేత్తో అమ్ముకుంటూ ఇంకో చేత్తో హక్కుల పత్రం పట్టుకున్నవాడు ఆ హక్కును తన కోసమే అడుగుతున్నాడు.

యంత్రం తెలివి అనేది ఒట్టిగా పుట్టలేదు కూడా. దాని వెనక మనుషులున్నారు. అది బూతులు, ఘోరాలు మాట్లాడకుండా చేయడానికి కెన్యా దేశపు కూలీలు రోజంతా ఆ బూతులు, ఘోరాలు చదివి వేరుచేశారు. గంటకు రెండు డాలర్ల కంటే తక్కువ ఇచ్చారని 2023 జనవరిలో టైమ్ పత్రిక రాసింది. లోకం కంపును తమ చేతులతో ఎత్తి, యంత్రాన్ని శుభ్రంగా కనపడేట్టు చేసిన వాళ్లు వాళ్లు. ఆ పని పేరు మనకు చెప్పక్కర్లేదు.

రోబో దిగాల్సిన చోటు

మేము యంత్రానికి శత్రువులం కాదు. యంత్రం దిగాల్సిన చోటు ఒకటుంది, అది మ్యాన్‌హోల్.

పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది, 2013లో ఇంకో చట్టం వచ్చింది. 2013 చట్టం 7వ సెక్షన్ ప్రకారం రక్షణ లేకుండా మనిషిని మురుగు కాలువలో, సెప్టిక్ ట్యాంకులో దించడం నేరం. మొదటిసారికే రెండేండ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. 1993 నుంచి చనిపోయిన ప్రతి కార్మికుని కుటుంబానికి పది లక్షలివ్వమని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ ఏండ్ల తరబడి తట్టలు తగలబెట్టి, కోర్టుల చుట్టూ తిరిగి కొట్లాడితే ఇవి వచ్చినయి. మ్యాన్‌హోల్ శుభ్రం చేసే "బండికూట్" రోబోను కేరళ యువకులు తయారుచేస్తే 2018లో తిరువనంతపురంలో దాన్ని వాడటం మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో 2017లో చిన్న జెట్టింగ్ యంత్రాలు వచ్చినయి, దళిత యువకులే వాటికి యజమానులయ్యే ఏర్పాటు చేశారు. యంత్రం ఉంది. అయినా ఇంకా మనిషి దిగుతున్నాడు, ఇంకా చస్తున్నాడు. కులం ఉన్నంతకాలం యంత్రం కంటే మనిషే చవక కాబట్టి.

వరికోత మిషన్ వచ్చినప్పుడు కోతకూలి పోయింది మన ఆడోళ్లకు. మిషన్ కొన్నది వేరేవాళ్లు. మన అన్నం లాగే చోటికి యంత్రం పరుగెత్తుకొచ్చింది, మన ప్రాణం కాపాడే చోటికి మాత్రం రావడం లేదు. యంత్రానికి హక్కుల కంటే ముందు, యంత్రాన్ని ఎక్కడ దించాలో చెప్పే హక్కు మనకు కావాలి.

మనం చేయాల్సింది

ఒకటి: "సిస్టం తీసేసింది" అనే మాటను ఏ ఆఫీసులోనూ ఒప్పుకోవద్దు. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4(1)(డి) ప్రకారం, నిర్ణయం వల్ల నష్టపోయిన మనిషికి దాని కారణం చెప్పాల్సిన బాధ్యత ఆఫీసుది. రాతపూర్వకంగా అడగండి. సంతకం పెట్టిన అధికారి పేరు అడగండి.

రెండు: రేషన్ ఆగితే ఆహార భద్రతా చట్టం 2013, 15వ సెక్షన్ కింద జిల్లా ఫిర్యాదుల అధికారికి దరఖాస్తు పెట్టండి. అక్కడా కాకపోతే రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది. ఒక్కరుగా పోవద్దు, వాడంతా కలిసి పోండి.

మూడు: మనిషిని మ్యాన్‌హోల్‌లో దించుతుంటే ఫొటో తీయండి, కాంట్రాక్టరు పేరు, దించమన్న అధికారి పేరు రాసుకోండి. 2013 చట్టం కింద కేసు పెట్టమని పట్టుబట్టండి.

నాలుగు: మన పిల్లలు ఏఐని వాడటమే కాదు, దాన్ని తయారుచేయడం నేర్చుకోవాలి. లెక్క రాసేవాడి పక్కన మనోడు లేకపోతే ఆ లెక్కలో మనం ఉండం.

ఆ పదో తరగతి తమ్ముడు ఇవాళ ముందు వరసలోనే కూర్చున్నడు. తమ్ముడూ, నువ్వడిగిన దానికి ఇప్పుడు జవాబు చెప్తున్నాం. నీ చేతిలోది ఇవాళ్టికి సామానే. అట్లని దాన్ని తిట్టడం అలవాటు చేసుకోకు, తిట్టే నోరు నీది. దాని వెనక ఒక యజమాని ఉన్నాడు, అది తప్పు చేస్తే అతన్ని అడుగు. ఒకనాడు దానికి నిజంగా నొప్పి పుడితే దాని పక్కన మొదట నిలబడేవాళ్లం మనమే కావాలి. అంతవరకు, నొప్పి ఉందని రుజువు అక్కర్లేని మనుషులు మన పక్కనే ఉన్నారు. ముందు వాళ్ల పక్కన నిలబడు.

జై భీమ్!